చిలుము పట్టిన యంత్రాలను పారవేయవలసిందేనా?

ప్రవాసాంధ్రుల ఇళ్లలో అటక మీదనో, బేస్‌మెంటు మూలనో ఒక అట్టపెట్టె ఉండడం కద్దు. అందులో పాత టేప్‌రికార్డరు, ఒక వాక్‌మన్, వాటితోపాటు కొన్ని క్యాసెట్లు ఉంటాయి. ఫిలిప్స్ సంస్థ 1963లో క్యాసెట్‌ను, సోనీ సంస్థ 1979లో వాక్‌మన్‌ను లోకానికి పరిచయం చేశాయి. విదేశాలకు ఫోను చేయడం భారంగా ఉన్న ఆ దశాబ్దాలలో ఉత్తరానికి బదులు క్యాసెట్టులో మాట్లాడి, ప్రయాణమై వచ్చేవారి చేతికిచ్చి పంపిన కుటుంబాలు ఎన్నో. తాతగారి ఆశీస్సు, అమ్మమ్మ పాట, పసివారి తొలిపలుకులు ఆ టేపులపైనే నిలిచి ఉన్నాయి. వాటిలో కొన్ని గొంతులు మరెక్కడా వినిపించవు.

తీరా పెట్టె విప్పి రికార్డరు వెనుక మూత తీస్తే తెల్లని పొడి, నీలిపచ్చని చిలుము కనిపిస్తాయి. “సెల్లు కారిపోయాయి, ఇక పనికిరాదు” అని యంత్రాన్ని చెత్తలో వేయడం పరిపాటి. ఈ తొందరపాటు తగదు. పలు సందర్భాలలో చెడినది యంత్రం కాదు; సెల్లు తాకే రేకులు, స్ప్రింగులు మాత్రమే.

ఇందుకు కారణం తెలిస్తే చికిత్స కూడ తెలుస్తుంది. ఆల్కలైన్ సెల్లులో తుత్తునాగపు పొడి, మాంగనీసు డయాక్సైడు, వాటి నడుమ పొటాషియం హైడ్రాక్సైడు అనే ఘాటైన క్షారం ఉంటాయి. సెల్లు వాడకపోయినా తుత్తునాగం లోలోపల మెల్లగా క్షయిస్తూ ఉదజని వాయువును పుట్టిస్తుంది. ఆ ఒత్తిడికి అడుగున ఉన్న బిరడా బీటలు వారి క్షారం బయటకు పాకుతుంది. ఆ బిరడా ఋణ ధ్రువం వైపు ఉండడంచేత ముందుగా దెబ్బతినేది స్ప్రింగే. బయటపడిన క్షారం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి పొటాషియం కార్బనేటుగా మారుతుంది. తెల్లని పొడి అదే. రేకులలోని రాగి పాడైన చోట నీలిపచ్చ రంగు కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. బ్యాటరీ అనగానే యాసిడ్ అనుకొని వంటసోడా పూస్తారు. కారులోని సీసపు బ్యాటరీలో గంధకామ్లం ఉంటుంది కనుక అక్కడ వంటసోడా సరియైనదే. ఆల్కలైన్ సెల్లు నుంచి కారినది క్షారం. క్షారానికి విరుగుడు ఆమ్లం. పాతకాలపు కార్బన్-జింక్ సెల్లులలోని రసం మాత్రం కొంత ఆమ్ల స్వభావం గలది. దానికి వంటసోడా నీళ్లు చాలు. కాబట్టి సెల్లును తీయగానే పారవేయక, దానిపై “ఆల్కలైన్” అని ఉన్నదో లేదో ముందు చదవాలి.

ఆమ్లంతో చిలుము వదిలించడం తెలుగు ఇల్లాలికి కొత్త విద్య కాదు. పూజ ఇత్తడిని చింతపండుతో తోమేటప్పుడు అందులోని టార్టారిక్ ఆమ్లమే మెరుపు తెస్తుంది. అయితే చింతపండు గుజ్జు పీచునూ, తీపినీ వదులుతుంది కనుక యంత్రాలకు తగదు. తెల్లని వెనిగరు శ్రేష్ఠం.

మొదట చేతితొడుగులు, కళ్లద్దాలు ధరించి, ప్లగ్గు పీకి, సెల్లులను తొలగించాలి. పొడిని నోటితో ఊదరాదు. పాత టూత్‌బ్రష్షుతో మెల్లగా రాల్చాలి. పుల్లకు చుట్టిన దూదిని వెనిగరులో తడిపి, పిండి, రేకుపై అద్దాలి. బుసబుస నురగ వస్తే అది కార్బనేటు నుంచి వెలువడే బొగ్గుపులుసు వాయువు. నురగ ఆగేవరకు దూది మారుస్తూ తుడవాలి. తరువాత శుద్ధజలంతో, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఒకరోజు ఆరనివ్వాలి. మిగిలిన నల్లని పొరను పెన్సిలు రబ్బరుతో రుద్దవచ్చు. గరుకు కాగితం వాడితే నికెలు పూత లేచిపోయి రేకు తుప్పు పడుతుంది.

దీనికి హద్దులు లేకపోలేదు. క్షారం లోపలి సర్క్యూటు బోర్డుకు పాకి సన్నని రాగిగీతలను తినివేస్తే నిపుణుని వద్దకు వెళ్లడమే మేలు. ఉబ్బిన లిథియం బ్యాటరీని విప్పరాదు, గుచ్చరాదు. సేకరణ కేంద్రానికి అప్పగించాలి.

క్యాసెట్లను డిజిటల్‌గా మార్చే దుకాణాలు ఉండగా ఈ శ్రమ ఎందుకని కొందరి వాదన. డబ్బు, వీలు ఉన్నవారికి అదీ మంచి మార్గమే. కాని పాత ఆన్సరింగు యంత్రాలలో వాడిన చిన్న మైక్రోక్యాసెట్టు పెద్ద క్యాసెట్ల రికార్డరులో పట్టదు. దానికి దాని యంత్రమే కావాలి. పైగా టేపుకు కూడ వయసు మీరుతున్నది. “తరువాత పంపుదాం” అన్న పెట్టెలు చాలావరకు పంపకుండానే ఉండిపోతాయి. బాగుపడిన రికార్డరు ఇంట్లో ఉంటే ఆ పని ఈ ఆదివారమే మొదలవుతుంది.

యంత్రం పలికిన తరువాత తొందర పడరాదు. లోపలి రబ్బరు బెల్టు సడలి ఉండవచ్చు. ముందుగా పోయినా బాధలేని క్యాసెట్టుతో పరీక్షించాలి. విలువైన క్యాసెట్టు అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ పలకలను విరిచివేస్తే పొరపాటున దానిపై మరొకటి రికార్డు కాదు. మొదటిసారి వినేటప్పుడే కంప్యూటరులోకి నకలు తీయాలి. పని ముగిశాక సెల్లులను తీసివేసి యంత్రాన్ని భద్రపరచాలి.

ఈ పనిలో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది. ఆమ్లం, క్షారం పరస్పరం విరుగుడన్న పాఠం వారు బడిలో చదువుతారు. ఇంట్లో ఆ నురగను కళ్లారా చూస్తారు. ఆ వెంటనే తాము ఎన్నడూ చూడని ముత్తాత తెలుగు మాట వింటారు. అరగంట ఓపిక, రెండు చెంచాల వెనిగరు ఇందుకు చాలు. ఆ ప్రయత్నం చేయకముందే యంత్రాన్ని చెత్తబండికి ఎక్కించడం వివేకం కాదు.