మెకట్రానిక్స్ మాస్టర్స్‌కి ముందు ఒక మోటార్ కొనండి
ఓఐఎస్ ఉన్న ఫోన్‌లో మన చెయ్యి వణికితే జైరోస్కోప్ పసిగడుతుంది. అందుకు తగ్గట్టు చిన్న కాయిల్ లెన్స్‌ని జరుపుతుంది. ఎంత జరిగిందో హాల్ సెన్సర్ చెబుతుంది, తేడా ఉంటే మళ్లీ సరిచేస్తుంది. ఫ్యాక్టరీలో రోబో చెయ్యి కదిలేదీ ఇదే సూత్రంతో. అందుకే గ్యాడ్జెట్ పిచ్చి ఉన్న చాలామంది "రోబోటిక్స్ వైపు మాస్టర్స్ చేద్దామా?" అనుకుంటారు.

చెయ్యండి. కానీ కోర్సు పేరు చూసి కాదు, సిలబస్ చూసి. మెకట్రానిక్స్‌లో మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కోడింగ్ అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి. కంట్రోల్ ఇంజినీరింగ్ అంటే చాలావరకు లెక్కలే: మ్యాట్రిక్స్‌లు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. ఇండస్ట్రియల్ ఆటోమేషన్ అంటే పీఎల్‌సీ, లాడర్ లాజిక్, మెషీన్ల మధ్య నిలబడి చేసే పని. ఒకటి అనుకుని ఇంకోదాంట్లో చేరితే రెండేళ్లు బరువైపోతాయి.

డబ్బు సంగతీ చూడాలి. గేట్ స్కోర్‌తో ఎంటెక్‌లో చేరితే వచ్చే స్టైపెండ్ నెలకు 12,400 రూపాయలు. జాబ్ వదిలేసి వెళ్లేవాళ్లకి ఇది చిన్న త్యాగం కాదు.

అందుకే ముందు ఒక టెస్ట్. ఎన్‌కోడర్ ఉన్న డీసీ మోటార్, మోటార్ డ్రైవర్, ఈఎస్‌పీ32 బోర్డు కొనండి. చెప్పిన కోణం దగ్గర ఆగేలా పీఐడీ కోడ్ రాయండి. పీ మరీ పెంచితే మోటార్ అటూ ఇటూ ఊగుతుంది. తగ్గిస్తే చేరాల్సిన చోటికి కాస్త ముందే ఆగిపోతుంది. ఎందుకలా అని రాత్రి నిద్ర పట్టకపోతే, అప్లై చేసేయండి. విసుగొచ్చి పక్కన పడేస్తే నష్టమేం లేదు, రెండేళ్లు మిగిలినట్టే.