ఒక్క పనికే కట్టేసే బుద్ధి ఎవరిది?

పేటలో కుర్రాడు డప్పు కొడతాడు. పాట కడతాడు. జయంతి వస్తే గోడ మీద అంబేద్కర్ బొమ్మ గీస్తాడు. నాటకంలో వేషమూ వేస్తాడు. వాణ్ణి చూసి ఊరి పెద్దమనుషులు అనేదేమిటి? "వీడికి నిలకడ లేదు, ఏదో ఒకటి పట్టుకోమనండి" అని. అదే పెద్దింటి బాబు పద్యం చదివి, సంగీతం పాడి, బొమ్మ గీస్తే సకల కళా వల్లభుడు! ఎనిమిది విషయాల మీద ఒకేసారి బుర్ర పెట్టే అవధానికి శాలువాలు కప్పుతారు. మనవాడికి నాలుగు విద్యలుంటే నిలకడ లేనట్టా? ఇదెక్కడి న్యాయం?

మనిషికి ఒకే పని అన్నది ఎవరి మాట? కులం మాట. కులం పంచింది పనిని కాదు, పనిచేసే మనుషుల్నే విడగొట్టిందని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు. నీ ఇష్టంతో, నీ నేర్పుతో కులానికి పనిలేదు. పుట్టుకే చాలు.

మన తాతల సంగతి చూడండి. తోలు శుద్ధి చేసినవాడే చట్రానికి బిగించాడు. మంట మీద కాచి శ్రుతి చేశాడు, కొట్టాడు, ఆడాడు, పాడాడు. మన అమ్మలు ఒంగి నాట్లేస్తూనే పాటలు కట్టారు. వాళ్లని కళాకారులన్నవాడు లేడు. చావుకి డప్పు కొట్టమని వెట్టి మాత్రం చేయించుకున్నారు. పలు విద్యలు మనకి కొత్త కాదు. వాటిని మన ఇష్టంతో చేసే హక్కే కొత్త.

ఆ హక్కు తెచ్చుకున్నవాళ్లు మన గోదావరి గడ్డ మీదే పుట్టారు. రాజమండ్రి కుసుమ ధర్మన్న వైద్యం చేశారు, కవిత్వం రాశారు, 'జయభేరి' పత్రిక నడిపారు. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న కవి, పాత్రికేయుడు, నాటకకర్త. పద్యం అందని పాలేళ్లకి ఆయన 'పాలేరు' నాటకం అందింది. పాలేరు కుర్రాడు చదివి అధికారి కావడం కళ్లారా చూసి పిల్లల్ని బడికి పంపినవాళ్లున్నారు. కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం లాయరు. 'నది పుట్టిన గొంతుక' రాసిన కవీ ఆయనే. పోలీసులు అరెస్టు చేస్తే ఏం చెయ్యాలో మామూలు జనానికి పుస్తకం రాసిందీ ఆయనే. 1985లో కారంచేడు మారణకాండ తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేశారు. కవిత్వం రాసినందుకు ఆయన వాదన పలచబడిందా?

"ముందు ఉద్యోగం రానివ్వండి మాస్టారూ, పాటలెందుకు?" అంటారు తల్లిదండ్రులు. చదువు కావాలి, ఉద్యోగం కావాలి. కాదనం. కానీ పాట కట్టే పిల్లకి మాట వస్తుంది. వేషం వేసినవాడికి అధికారి ముందు బెరుకు పోతుంది. అదీ చదువే.

సంఘాల్లోనూ ఈ జబ్బుంది. డిగ్రీ ఉన్నవాడు మైకు దగ్గర, కూలికెళ్లేవాడు డప్పు దగ్గర, ఆడవాళ్లు వంట దగ్గర. ఇది కులం కాక మరేమిటి? ఏప్రిల్ 14న ఈ వరస మార్చండి. ఉపన్యాసం ఇచ్చేవాడు డప్పు పట్టాలి. డప్పు కొట్టేవాడు మైకు అందుకోవాలి. వంట మగాళ్లు చెయ్యాలి. అక్కచెల్లెళ్లు కట్టిన పాటలు ఒక నోటుపుస్తకంలో ఎక్కించాలి. పిల్లల్ని ఒక్క గుంజకి కట్టెయ్యకండి. ఆ గుంజ పాతింది మనువు.

జై భీమ్!