జాలి ఎవరి మీద?

కథ చదివేటప్పుడు మనం ఎవరి పక్షాన ఉన్నామో మన మాటలే బయటపెడతాయి. చాలా ఏళ్ళ క్రితం నేను తొమ్మిదో తరగతి పిల్లలకు వారం రోజుల పాటు ఒక ఆంగ్ల నవల కథ చెప్పి, సారాంశం రాసి తెమ్మన్నాను. ఆ నవల పేరు ‘ఫ్రాంకెన్‌స్టైన్’. వాళ్ళ కాగితాలు దిద్దుతుంటే ఒక వింత కనిపించింది. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే యువకుడు తన చేతులతో తయారుచేసి ప్రాణం పోసిన జీవిని పిల్లలందరూ మొదట ‘అది’ అన్నారు. ‘అది కళ్ళు తెరిచింది’, ‘అది వెళ్ళిపోయింది’ అని రాశారు. కాగితం సగానికి వచ్చేసరికి ‘వాడు’ అయింది. ఆ తరువాత చాలామంది ‘అతడు’ అన్నారు. పసివాణ్ణి చంపానని ఆ జీవి ఒప్పుకున్న చోట కొందరు మళ్ళీ ‘అది’కి దిగారు.

నేను వాటిని తప్పులుగా దిద్దలేదు. సర్వనామం మారిన ప్రతిచోటా రాసేవారి మనసు మారింది. మన భాషలో ఈ చిక్కు తప్పించుకోలేము. ‘అది’ అంటే మనిషి కాదని తీర్పు చెప్పినట్లే. ‘వాడు’ అంటే చనువో, చులకనో. ‘అతడు’ అంటే మనలో ఒకడని ఒప్పుకున్నట్లు. ఈ వ్యాసంలో నేను ‘అతడు’ అనే రాస్తాను. ఎందుకో చెబుతాను. కాదనే హక్కు మీకు ఉంది.

ఈ నవల రాసిన మేరీ షెల్లీ 1797లో లండన్‌లో పుట్టింది. ఆమె తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల కోసం వాదించిన రచయిత్రి. కూతురు పుట్టిన పదకొండు రోజులకే ఆమె కన్నుమూసింది. 1815లో మేరీకి నెలలు నిండకుండా పుట్టిన తొలి బిడ్డ కొద్దిరోజులకే పోయింది. ఆ పాపను నిప్పు దగ్గర పెట్టి ఒళ్ళు రుద్దితే మళ్ళీ బ్రతికినట్లు కల వచ్చిందని మేరీ తన దినచర్య పుస్తకంలో రాసుకుంది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బ్రద్దలైంది. ఆ ప్రభావంతో 1816లో ఐరోపాలో వేసవి వేసవిలా లేదు. జెనీవా సరస్సు ఒడ్డున వానలకు ఇల్లు కదలలేకపోయిన కొందరు మిత్రులు తలా ఒక దెయ్యం కథ రాయాలని అనుకున్నారు. కవి బైరన్ ప్రతిపాదన అది. పద్దెనిమిదేళ్ళ మేరీ మొదలుపెట్టిన కథ 1818 జనవరి 1న మూడు సంపుటాలుగా, రచయిత్రి పేరు లేకుండా, 500 ప్రతులతో వెలువడింది.

ఇటువంటి నవలలను గోథిక్ నవలలు అంటారు. 1764లో హొరేస్ వాల్‌పోల్ రాసిన ‘ఒట్రాంటో కోట’తో ఈ పద్ధతి మొదలైందని చెబుతారు. పాడుబడిన కోటలు, చీకటి సొరంగాలు, శాపాలు వీటి సామగ్రి. సాధారణంగా ఈ కథల్లో భయపెట్టేవారు ఒకవైపు, భయపడేవారు మరొకవైపు ఉంటారు. ఎవరి మీద జాలిపడాలో పాఠకుడికి సందేహమే రాదు. మేరీ షెల్లీ భయపెట్టేవాడికి నోరు ఇచ్చింది. దానితో లెక్క అంతా మారిపోయింది.

విక్టర్ జెనీవాలో మంచి కుటుంబంలో పెరిగినవాడు. చదువు కోసం జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయానికి బయలుదేరే ముందే తల్లి జ్వరంతో చనిపోయింది. అక్కడ అతడు రెండేళ్ళ పాటు తిండీ నిద్రా మాని, శ్మశానాల నుంచీ శవాలను కోసే గదుల నుంచీ సేకరించిన భాగాలతో ఎనిమిది అడుగుల ఆకారాన్ని తయారుచేశాడు. నవంబరు నెలలో ఒక వాన రాత్రి ఆ ఆకారం పసుపుపచ్చని కన్ను తెరిచింది. అంతవరకు కలలు కన్న విక్టర్ ఆ ముఖాన్ని చూడలేక తన పడకగదిలోకి పరుగెత్తాడు. కొంతసేపటికి ఆ కొత్త జీవి మంచం తెర తొలగించి, ఏదో గొణుగుతూ, ఒక చెయ్యి చాచాడు. అది అమ్మ వైపు చాచిన చెయ్యిలా నాకు కనిపిస్తుంది. తనను పట్టుకోవడానికి వచ్చిందనుకున్న విక్టర్ మెట్లు దిగి పారిపోయాడు. మరునాడు గదిలో ఎవరూ లేరని తెలిసి సంతోషంతో చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్లను గుర్తుంచుకోండి. విజ్ఞానం హద్దు మీరితే ముప్పు తప్పదని ఈ నవల హెచ్చరిస్తోందని చాలామంది రాశారు. అది కొంత నిజమే కావచ్చు. కాని విక్టర్ అసలు తప్పు నాకు ఆ చప్పట్లలోనే వినబడుతుంది. చేసినదాన్ని అతడు చూసుకోలేదు. కనీసం పేరైనా పెట్టలేదు. 1823లో లండన్‌లో ఈ కథను నాటకంగా ఆడినప్పుడు, పాత్రల పట్టికలో ఆ జీవి పేరు ఉండవలసిన చోట గీతలు మాత్రమే వేశారు. నాటకం చూసిన మేరీకి ఆ ఖాళీ నచ్చింది. తరువాత లోకం ఆ ఖాళీని తప్పుగా నింపింది. చేసినవాడి పేరే చేయబడినవాడికి అంటగట్టింది. ఈనాటికీ ఫ్రాంకెన్‌స్టైన్ అంటే రాక్షసుడి పేరనుకునేవారే ఎక్కువ.

సుమారు రెండేళ్ళ తరువాత ఆల్ప్స్ పర్వతాలలోని ఒక మంచునది మీద ఇద్దరూ ఎదురుపడతారు. అక్కడ అతడు తన కథ తానే చెబుతాడు. పంచతంత్రంలో కథలోపల కథ వచ్చినట్లు, ఉత్తర ధ్రువానికి బయలుదేరిన వాల్టన్ అనే నావికుడి ఉత్తరాలలో విక్టర్ కథ, విక్టర్ కథలో ఈ జీవి కథ ఇమిడి ఉన్నాయి. నవలకు నడిమధ్యన ఉన్నది ఇతడి మాటే.

ఆకలి, చలి అనే మాటలు తెలియకముందే అతడు వాటిని అనుభవించాడు. బిచ్చగాళ్ళు వదిలిపోయిన నిప్పు వెచ్చగా ఉందని సంతోషించి అందులో చెయ్యి పెట్టి కాల్చుకున్నాడు. ఒక ఊళ్ళోకి అడుగుపెడితే రాళ్ళతో కొట్టి తరిమారు. చివరకు ఒక పేద ఇంటిని ఆనుకొని ఉన్న పాకలో దాక్కుని, గోడ చీలికలోంచి ఆ ఇంటివాళ్ళను చూస్తూ నెలలు గడిపాడు. గుడ్డివాడైన తండ్రి డి లేసీ, కొడుకు ఫీలిక్స్, కూతురు అగాతా. మొదట రాత్రిపూట వాళ్ళ తిండిలో కొంత దొంగిలించేవాడు. దానివల్ల వాళ్ళు పస్తులుంటున్నారని తెలియగానే మానేసి, అడవిలో దొరికే పళ్ళూ దుంపలూ తిన్నాడు. అంతటితో ఆగకుండా, వాళ్ళు నిద్రపోయాక కట్టెలు కొట్టి తెచ్చి వాకిట్లో పెట్టేవాడు.

ఆ ఇంటికి సఫీ అనే పరదేశపు యువతి వస్తుంది. ఫీలిక్స్ ఆమెకు భాష నేర్పుతుంటే గోడ అవతల ఇతడూ నేర్చుకున్నాడు. ఈ ఘట్టం మీకు వివరించనక్కర లేదనుకుంటాను. ఇంట్లో తెలుగూ వీధిలో మరొక భాషా ఉన్నచోట పెరిగే పిల్లలు, ఎవరూ ఓనమాలు దిద్దించకముందే అరుగు మీది మాటలు వినివిని కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో పట్టేస్తారు. మీరు తప్పు పలికితే నవ్వి సరిదిద్దే పొరుగువారు ఉంటారు. అతడికి ఆ నవ్వు కూడా దక్కలేదు.

నేర్చుకున్న భాషలో అతడు మొదటిసారి మనసు విప్పి మాట్లాడింది చూపులేని డి లేసీతో. వృద్ధుడు ఆదరంగా మాట్లాడాడు, సాయం చేస్తానన్నాడు. ఇంతలో మిగిలినవాళ్ళు వచ్చారు. అగాతా స్పృహ తప్పింది, సఫీ పారిపోయింది, ఫీలిక్స్ కర్రతో బాదాడు. ఫీలిక్స్‌ను చీల్చివేయగల బలం ఉండి కూడా అతడు తిరిగి చెయ్యి ఎత్తలేదు. తరువాత ఏటిలో కొట్టుకుపోతున్న ఒక బాలికను కాపాడితే, ఆమెతో ఉన్న మనిషి తుపాకితో కాల్చాడు. మన ఆలంకారికులు చెప్పిన రసాలలో భయానకంతో మొదలైన కథ ఇక్కడికి వచ్చేసరికి కరుణలోకి మళ్ళింది. పిల్లల కాగితాలలో ‘అతడు’ వచ్చింది ఈ చోటులోనే.

ఈ కథను భస్మాసురుడి కథతో పోల్చడం మనవాళ్ళకు అలవాటు. నాకు ఆ పోలిక సరిపోదనిపిస్తుంది. భస్మాసురుడు తపస్సు చేసి, వరం కోరి తెచ్చుకున్నాడు. వరమిచ్చినవాడి నెత్తిమీదే చెయ్యి పెట్టబోయాడు. ఇతడు ఏదీ కోరలేదు, పుట్టుకను కూడా. కర్ణుడితో పోలిక కొంత నయం. కర్ణుడు లేని భారతం ఏ రుచీ లేనిదని మన సామెత. అతడు కౌరవుల పక్షాన నిలిచినా మన జాలి అతణ్ణి వదలదు, పెట్టెలో పెట్టి ఏటిలో విడిచిన బిడ్డ గనుక. అయినా ఆ పెట్టెను అందుకున్న చేతులున్నాయి. కర్ణుణ్ణి పెంచిన రాధ ఉంది. విక్టర్ చేసిన జీవికి రాధ దొరకలేదు.

విక్టర్ వైపు ఏమీ లేదా? ఉంది. తమ్ముడు విలియంను, ప్రాణమిత్రుడు క్లెర్వల్‌ను, పెళ్ళిరోజు రాత్రే భార్య ఎలిజబెత్‌ను అతడు పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖంలో తండ్రి కూడా పోయాడు. ఇంత నష్టం చూసి జాలిపడనివారు ఉండరు. తనకు ఒక తోడును తయారుచేసి ఇస్తే మనుషులకు దూరంగా దక్షిణ అమెరికా అడవులకు వెళ్ళిపోతానని ఆ జీవి వేడుకుంటాడు. విక్టర్ మొదట ఒప్పుకొని, పని సగంలో ఉండగా, ఆ ఇద్దరి సంతతి వల్ల మనుషులకు ఏ ఆపద వస్తుందోనని తలచి ఆ ఆకారాన్ని ముక్కలు చేస్తాడు. మా తరగతిలో చాలామంది ఇది క్రూరమన్నారు. నేను ఒప్పుకోను. రాబోయేవారి గురించి విక్టర్ భయపడి ఆగిన సందర్భం అదొక్కటే. మొదటిసారి చేయవలసిన ఆలోచన రెండోసారి చేశాడు.

నేను కాగితాలు తిరిగి ఇచ్చిన రోజున తరగతి రెండు పక్షాలైంది. బెంచీలు చరిచేంత వాదన జరిగింది. వెనక వరుసలో ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి లేచి, “మాస్టారూ, జస్టిన్ గురించి ఎవరూ అడగరేమిటండీ?” అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. కథ చెప్పేటప్పుడు జస్టిన్‌ను రెండే వాక్యాలతో దాటించింది నేనే.

జస్టిన్ విక్టర్ ఇంట్లో పనిచేసే అమ్మాయి. కన్నతల్లి ఆదరణకు నోచుకోక ఆ ఇంటికి చేరి, ఇంటిపిల్లలా మెలిగింది. విలియం కనబడని రాత్రి అతణ్ణి వెతుకుతూ తిరిగి, అలసి, ఒక కొట్టంలో నిద్రపోయింది. పిల్లవాణ్ణి చంపిన ఆ జీవి, పిల్లవాడి మెడలోని చిన్న చిత్తరువును తీసుకొని, నిద్రిస్తున్న ఆమె దుస్తుల్లో పెట్టాడు. నేరం ఆమె మీద పడింది. ఎలిజబెత్ న్యాయస్థానంలో ఆమె మంచితనానికి సాక్ష్యం చెప్పింది. ఒప్పుకోకపోతే నరకం తప్పదని మతగురువు బెదిరించగా, చేయని నేరం చేశానని జస్టిన్ ఒప్పుకుంది. ఆమెకు మరణశిక్ష అమలు చేశారు. నిజం తెలిసిన విక్టర్ ఆ విచారణలో కూర్చునే ఉన్నాడు. చెబితే పిచ్చివాడంటారని నోరు మెదపలేదు. పైగా ఆమె బాధ తన బాధంతటిది కాదని, నిర్దోషినన్న ధైర్యం ఆమెకైనా ఉందని మనతో చెప్పుకుంటాడు.

సృష్టించినవాడు, సృష్టించబడినవాడు ఇద్దరూ గొప్ప వక్తలు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారిని మరచిపోతాం. మన జాలి చక్కగా మాట్లాడేవారి వెంట నడుస్తుంది. అందుకే 1931లో వచ్చిన చలనచిత్రంలో ఆ జీవికి మాటలు తీసేస్తే, లోకానికి రాక్షసుడే మిగిలాడు. నటుడు బోరిస్ కార్లోఫ్ కళ్ళతో కొంత దైన్యం చూపగలిగాడు కాని, తన కథ తాను చెప్పుకునే వీలు ఆ పాత్రకు లేకపోయింది. ఇక జస్టిన్‌కు నవలలోనే దొరికినవి కొన్ని పుటలు.

నాకు ఆ జీవి మీద జాలి తగ్గలేదు. అతణ్ణి ‘అది’ అనడానికి నోరు రాదు. కాని ‘అతడు’ అన్నామంటే నేరం కూడా అతడికే చెందుతుంది. పులి చంపితే పులిని నిందించం. డి లేసీ ఇంట్లో వాళ్ళ ఆకలి గుర్తించి దొంగతనం మానినవాడు, కొట్టంలో ఏమి చేస్తున్నాడో తెలిసే చేశాడు. ఓడలో చనిపోయే ముందు విక్టర్ తన గతంలో నిందించదగినది కనబడలేదంటాడు. అతడి శవం దగ్గరకు వచ్చి విలపించిన ఆ జీవి తన నేరాలు ఒప్పుకుంటాడు. తరిమికొట్టిన ఫీలిక్స్‌ను, తుపాకి పేల్చినవాణ్ణి ఎవరూ ఎందుకు నిందించరని కూడా అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. ఆ తరువాత కిటికీలోంచి మంచుపలక మీదికి దూకి చీకటిలో కలిసిపోతాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఆ అమ్మాయి కాగితం అడిగి తెచ్చుకున్నదాన్ని మళ్ళీ చూశాను. విక్టర్ ‘అతడు’, ఆ జీవి కూడా మొదటి నుంచి చివరి వరకు ‘అతడే’. జస్టిన్‌కు ఒక పేరా పూర్తిగా ఇచ్చింది. శిక్షకు ముందు చెరసాలలో ఆమె ఎలిజబెత్‌ను ఓదార్చిన సంగతి కూడా అందులో ఉంది. అది నేను తరగతిలో చెప్పలేదు. ఎక్కడ చదివిందో అడగాలనుకుంటూనే ఆ ఏడాది గడిచిపోయింది.