పావురపు పిల్ల

శరణు జొచ్చిన పావురమును కాపాడుటకై శిబి చక్రవర్తి తన మాంసమునే కోసి యిచ్చెనని మహాభారతము చెప్పుచున్నది. గూటినుండి జారిపడిన పావురపు పిల్లకు అంతటి త్యాగము అక్కరలేదు. దయతోపాటు కొంత తెలివి యున్న చాలును.

తెలివి లేని దయ ప్రాణము తీయును. పిల్ల నోటిలో నీరు పోసినచో, అది ఊపిరిగొట్టములోనికి పోయి చంపవచ్చును. ఆవుపాలు దానికి అరుగవు. కోడిపిల్లవలె అది తానై గింజలేరుకొననూ లేదు. తల్లిపావురమే కాక తండ్రియు, మెడ క్రింది తిండిసంచిలో ఊరు పాలవంటి పదార్థమును దానికి నోటితో అందించును. మొదటి దినములలో అదియే దాని ఆహారము. కావున గాయము లేని పిల్లను తిరిగి గూటిలో నుంచుటయే ఉత్తమము. మనుష్యుడు తాకిన పిల్లను తల్లి విడిచిపెట్టునను మాట నిజము కాదు.

గూడు కానరానప్పుడు ముందు వెచ్చదనము, పిదప ఆహారము. చల్లబడిన పిల్లకు తిండి జీర్ణము కాదు. ఈకలు వచ్చిన పిల్లకు నానబెట్టిన బఠానీలను ఒక్కొక్కటిగా తినిపింపవచ్చును. తిండిసంచి ఖాళీయైన పిదపనే మరల పెట్టవలెను. రోగమున్నచో పశువైద్యునికి చూపవలెను. తాకిన ప్రతిసారియు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

అన్నిటికంటె కష్టమైన పని చివర నున్నది. తనంతట గింజలేరుకొని ఎగురగల పక్షిని, ఎంత మక్కువ యున్నను, విడిచిపెట్టవలెను. శిబి పావురమును కాచినది పంజరమున నుంచుకొనుటకు కాదు గదా!