వైన్ అను దుబాసి

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ పోషణము ముగిసినది. విండోస్ 11 చాల పాత కంప్యూటర్లను అంగీకరింపదు. కావున “క్రొత్తది కొనుడు” అను మాట తలిదండ్రుల చెవిని పడుచున్నది. చక్కగా పనిచేయు యంత్రమును మూలబెట్టి, అప్పుచేసి మఱియొకటి కొనుట నాకు సమ్మతము గాదు. ఉచితముగా లభించు లినక్సును దానిలో నెక్కించుకొనవచ్చును.

అట్లయిన విండోస్ కొఱకు చేయబడిన ప్రోగ్రాముల గతి యేమి యని యడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. ఏ ప్రోగ్రామును తానొక్కతియే సమస్తమును జేయజాలదు. తెరపై కిటికీ తెఱవుమనియు, ఫైలును దాచుమనియు, ప్రింటరునకు పుటను పంపుమనియు ఆపరేటింగ్ సిస్టమును అడుగుచుండును. విండోస్ ప్రోగ్రాము విండోసునకు తెలిసిన మాటలతోనే యడుగును. ఆ మాటలు లినక్సునకు తెలియవు. నడుమ నిలిచి, అడిగినదానిని అప్పటికప్పుడు లినక్సు మాటలలోనికి మార్చి చెప్పు దుబాసియే వైన్. (పెద్దలు కలవరపడకుందురు గాక! ఇది ద్రాక్షారసము గాదు. “వైన్ ఈజ్ నాట్ ఆన్ ఎమ్యులేటర్” అను వాక్యమునకు సంక్షేపము.) దీనితో విండోస్ ప్రతిని వేఱుగా కొననక్కఱలేదు. ప్రోగ్రాము వెల మాత్రము చెల్లింపవలసినదే. దొంగప్రతిని లినక్సులో నడిపినను అది దొంగప్రతియే. పై తరగతుల విద్యార్థులు దీనిని ప్రత్యేకముగా గమనింతురు గాక.

ఈ పని 1993లో ఆరంభమైనది. మైక్రోసాఫ్టువారి మూలప్రతిని చూడక, విండోస్ నడవడిని వెలుపలినుండి పరీక్షించి వ్రాయవలసి వచ్చుటచే, 1.0 కూర్పు వెలువడునప్పటికి 2008వ సంవత్సరము వచ్చెను. పదునైదేండ్లు! 2018లో వాల్వ్ వారు దీనినే యాధారముగా గొని ఆటల కొఱకు ప్రోటాన్ అనుదానిని వెలువరించిరి. ఆ సంగతి పిల్లలకు నాకంటె బాగుగా తెలియును.

దుబాసికి అన్ని మాటలును రావు. పరికరములను నడుపు డ్రైవర్లు కావలసిన ప్రోగ్రాములును, దొంగప్రతుల నాపుటకు సిస్టము లోతున కాపలా నుంచుకొన్నవియు తఱచుగా మొరాయించును. కావున దుకాణపు లెక్కలు వ్రాసికొనువారు తొందరపడరాదు. ముందు నకలు ఫైళ్లతో పరీక్షింపవలెను. తెలుగు అచ్చుపనివారు చాలకాలము వాడిన పేజ్‌మేకర్ 7.0 కూర్పు 2001లో వచ్చినది. తరువాత దానికి వేఱొక కూర్పు రాలేదు. అట్టి పాత ప్రోగ్రాము వైన్‌లో తెఱచుకొన్నచో సంతోషమే గాని, అంతటితో నిశ్చింతగా కూర్చుండరాదు. అందలి పుస్తకములను యూనికోడులోనికి మార్చుకొనుటకు దొరికిన గడువుగా దాని నెంచవలెను.

తలిదండ్రులకు నా మనవి యొక్కటే. లినక్సును పెన్‌డ్రైవు నుండియే నడిపి చూడవచ్చును. డిస్కులో నెక్కింపనంతవఱకు అందలి ఫైళ్లు చెఱగవు. మీ యింట నిత్యము వాడు ప్రోగ్రాము వైన్‌లో నడచునో లేదో చూచి, నడువనిచో అప్పుడు క్రొత్త యంత్రపు వెలను విచారింపుడు.