పిల్లలకు చూపించవలసిన సినిమా!

తెలుగునాట ఒక సినిమాను నొప్పి తెలియకుండా చంపాలంటే ఒక్క వాక్యం చాలు. "పిల్లలకు తప్పక చూపించవలసిన సినిమా అండీ!" విన్నవాడు తల ఊపుతాడు, అన్నవాడు తన బాధ్యత తీరిందనుకుంటాడు, సినిమా రెండో వారం చూడకుండా వెళ్ళిపోతుంది. పిల్లలు ఎలాగూ చూడరు, వారికి యూనిట్ టెస్టులు.

ఈ ధోరణి అంతా 'గాంధీ తాత చెట్టు' గురించి. పద్మావతి మల్లాది దర్శకత్వం వహించిన ఈ చిత్రం 2025 జనవరి 24న విడుదలైంది. ఆ వారాంతంలోనే మియాపూరులో చూశాను. హాలులో ఉన్నవాళ్ళను నిలబడిన చోటు నుండే లెక్కపెట్టవచ్చు. బయటికి వస్తుంటే మెట్ల మీద మూడు అభిప్రాయాలు వినబడ్డాయి. తరువాత నెలల తరబడి, ఆఫీసు బస్సుల్లోనూ అపార్టుమెంటు లిఫ్టుల్లోనూ అవే మూడూ విన్నాను. ఒకటి పైన చెప్పినదే. రెండవది: "నెమ్మదిగా ఉంది, నమ్మేటట్టు లేదు". మూడవది: "సుకుమార్ కూతురు కాబట్టి తీశారు, లేకపోతే ఎవరు తీస్తారు?"

మూడవదానితో పేచీ తక్కువ కనుక ముందు దాన్ని వదిలించుకొంటాను. అవును, గాంధీ అనే ఆ పిల్ల పాత్ర వేసిన సుకృతి వేణి దర్శకుడు సుకుమార్ కుమార్తె. సమర్పించినది ఆమె తల్లి తబిత. ఆ పేరు లేకపోతే ఈ చిత్రానికి హాళ్ళు దొరికేవా అన్న ప్రశ్న న్యాయమైనదే. దొరికేవి కావు. అయితే ఆ నింద పడవలసింది పిల్ల మీద కాదు, పేరు లేనివాడికి తెర ఇవ్వని వ్యవస్థ మీద. రజనేష్ దోమలపల్లి 2006లో 'వనజ' తీశాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో తన చదువు కోసం, నటన ఎరుగని మామూలు మనుషులతో తీసిన చిత్రం. జమీందారిణి ఇంట పనికి చేరి కూచిపూడి నేర్చుకొనే బెస్తపిల్ల కథ. టొరంటో చూసింది, బెర్లిన్ చూసి 2007లో తొలి చిత్రాల బహుమతి ఇచ్చింది, రోజర్ ఈబర్ట్ మెచ్చుకొన్నాడు. మనలో ఎందరం చూశాం? పేరున్నవాళ్ళ పిల్ల చేస్తే పేరు వల్ల అంటాం, పేరు లేని మమత భూక్యా చేస్తే ఆ పేరే వినలేదంటాం. ఇక ఆ పిల్ల ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

(ఒక చిన్న పిడకలవేట. 2024 డిసెంబరులో వచ్చిన తండ్రి సినిమాలో నాయకుడు ఎర్రచందనం చెట్లు నరికించి అమ్ముతాడు. ఎనిమిది వారాలు తిరగకుండా కూతురి సినిమాలో ఒక పిల్ల ఒకే ఒక్క చెట్టుకు అడ్డం నిలబడుతుంది. మనం దేనికి పెంచిన ధరలకు టికెట్లు కొని అర్ధరాత్రి వరుసల్లో నిలబడ్డామో మీకు తెలుసు.)

రెండవ అభిప్రాయం దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. నమ్మేటట్టు లేదట! కథ చెప్పేది చెట్టు. చెట్టు మాట్లాడటం ఏమిటి, చందమామ కథ కాకపోతే, అన్నాడు నా వెనుక మెట్టు మీద ఒక యువకుడు. అయ్యా, మన తెలుగు సినిమా మాట నేర్చిందే ఒక మొండి పిల్లవాడి కథతో. 1932లో వచ్చిన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'. తండ్రి మాట వినని కొడుకు, ఏనుగులు తొక్కినా పాములు కరిచినా పట్టు విడవని పసివాడు. ధ్రువుడూ మార్కండేయుడూ ఆ కోవలోని వారే. తొంభై ఏళ్ళుగా ఈ పిల్లలను చూసి చేతులు జోడించిన జాతికి, చిన్నపిల్ల పట్టుదల నమ్మశక్యంగా లేకపోవడమేమిటి?

ఆలోచిస్తే కారణం ఇదనిపించింది. ప్రహ్లాదుడి కథలో చివరకు స్తంభం పగిలి నరసింహుడు వస్తాడు. ఆ వచ్చేవాడి మీద నమ్మకంతోనే మనం ఆ పిల్లవాడిని నమ్ముతాం. ఈ చెట్టు మాను పగిలి ఎవరూ రారు. చెట్టు చూస్తుంది, చెబుతుంది, అంతే. నిజామాబాదు పల్లెలో చెరకు రైతులకు దారి మూసుకుపోయింది, ఫ్యాక్టరీ పెడతామని డబ్బున్నవాడు వచ్చాడు, ఊరు అమ్మకానికి సిద్ధపడింది. అమ్మనని తాత అన్నాడు. తాత తరువాత ఆ మాట అనవలసిన పని పన్నెండు పదమూడేళ్ళ పిల్ల మీద పడింది. దేవుడి సాయం లేని పిల్ల పట్టుదల మనకు ఇబ్బంది. దేవుడు రాకపోతే ఆ ఖాళీలో నిలబడవలసినవాళ్ళం మనమే కదా!

ఆ పల్లె కష్టం కూడా కల్పన కాదు. అదే జిల్లాలో బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు వేసినవాడు ఆ తరువాత దాన్ని ఎక్కడికి తోలుకుపోవాలి? భూమి అమ్మడానికి సిద్ధపడ్డ ఆ ఊరివాళ్ళు దుర్మార్గులు కారు. చిత్రం ఈ సంగతిని ఇంకా లోతుగా తవ్వి ఉంటే బాగుండేదన్నది నా ఫిర్యాదు. మంచివాళ్ళు మరీ మంచిగా ఉన్నారు, గాంధీ పేరు ఒకటి రెండు సార్లు తక్కువ పలికినా నష్టం లేదు. ఇలాంటి మాటలు మెట్ల మీద ఎవరైనా అని ఉంటే ఆగి కాఫీ ఇప్పించేవాడిని.

అలా మాట్లాడుకొన్న ప్రేక్షకులు లేకపోలేదు, వేరే దేశంలో. 2012లో అమెరికాలో 'బీస్ట్స్ ఆఫ్ ద సదరన్ వైల్డ్' అనే చిన్న చిత్రం వచ్చింది. లూసియానాలో కట్టకు అవతల నీళ్ళలో మునిగే వాడ, జబ్బుతో కుంగిపోతున్న తండ్రి, హష్‌పప్పీ అనే ఆరేళ్ళ పిల్ల, ఆమె ఊహలో మంచు కరిగి లేచి వచ్చే ఆదిమ మృగాలు. ఆ పాత్ర వేసిన క్వెంజనే వాలిస్ తొమ్మిదేళ్ళకే ఉత్తమ నటి ఆస్కారుకు పోటీ పడింది. సన్‌డాన్సులోనూ కాన్‌లోనూ బహుమతులు వచ్చాయి. జనం పరవశించారు. అప్పుడు బెల్ హుక్స్ వంటి రచయిత్రి ఎదురు నిలిచి, ఈ పేదరికాన్నీ ఈ పిల్ల మీది కాఠిన్యాన్నీ చూసి మీరెందుకు ఇంతగా మురిసిపోతున్నారని నిలదీసింది. ఆమెతో నేను పూర్తిగా ఏకీభవించను, ఆ చిత్రం నాకు ఇష్టం. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. "ఎంత గట్టి పిల్ల!" అని మెచ్చుకొన్న ప్రతిసారీ, ఆ పిల్ల అంత గట్టిపడవలసిన గతి తెచ్చినవాడిని మనం మెల్లగా పక్కకు తప్పిస్తున్నామా?

మన దగ్గర ఆ తప్పించడం ఇంకా సులభంగా జరిగిపోయింది. 2025 ఆగస్టు 1న ప్రకటించిన 71వ జాతీయ పురస్కారాల్లో సుకృతి వేణి ఉత్తమ బాలనటుల్లో ఒకరిగా నిలిచింది. అందరం సంతోషించాం. పాత్ర కోసం గుండు చేయించుకొన్న సంగతి అందరి నోటా వినబడింది. గుండు గురించి అంత మాట్లాడినవాళ్ళం చెట్టు గురించి ఎంత మాట్లాడాం?

ఇక మొదటి అభిప్రాయానికి వస్తాను. ఈ చిత్రంలో పిల్లకు ఎదురు నిలిచినవాళ్ళంతా పెద్దవాళ్ళు. లెక్కలు వేసేవాళ్ళు, సర్దుకుపొమ్మనేవాళ్ళు, సంతకాలు పెట్టేవాళ్ళు. ఇది పిల్లలకు చూపించవలసిన సినిమా ఎలా అయింది? పిల్లలకు ఇందులో కొత్తగా తెలిసేది ఏముంది, చెట్టు నరకరాదని వాళ్ళకు ముందే తెలుసు. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి చూపించాలి.

చిత్రం వచ్చిన రెండు నెలలకు, 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది రోజున, హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమిలో యంత్రాలు కదిలాయి. ఐటీ కోసం వేలం వేయదలచిన భూమి. మియాపూరుకు ఏమంత దూరం కాదు. మేమంతా వేపపూత పచ్చడి తిని పంచాంగం వింటున్న పూట, అడ్డం వెళ్ళిన విద్యార్థులను పోలీసులు తీసుకుపోయారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనే లోపలే సుమారు వంద ఎకరాల పచ్చదనం పోయింది. ఆ నాలుగు రోజులూ లిఫ్టులో నేను విన్న మాటలు వింతగా ఉన్నాయి. నెమళ్ళ అరుపులు నిజమైనవేనా? ఆ జింకల బొమ్మలు కంప్యూటరుతో చేసినవి కావా? అలా చేసిన బొమ్మలు కొన్ని తిరిగిన మాట నిజమే. కానీ మాట్లాడే చెట్టు కల్పన అని నవ్వినవాళ్ళకు, మాట్లాడని నెమలి కూడా కల్పనగానే తోచింది. "అక్కడ టవర్లు లేస్తే మన వైపు ఫ్లాట్ల ధరలు పెరుగుతాయి అన్నగారూ" అని ఒకాయన నా చెవిలో అన్నాడు. నేను ఏమీ అనలేదు. పైగా ఇంటికి వచ్చి మనసులో ఒక గుణింతం వేసుకొన్నాను. ఆ చిత్రంలో నా పాత్ర ఏదో ఆ రాత్రి తెలిసింది.

ఇప్పుడు మా అపార్టుమెంటు గేటు పక్కన ఒక కానుగ చెట్టు ఉంది. మేము రాకముందు నుండీ ఉంది. దాన్ని తీసేస్తే నాలుగు కార్లు పడతాయని ఒక కాగితం ఇంటింటికీ తిరుగుతోంది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా నరకరాదని అంటే, "కొమ్మలు కొట్టడానికి అనుమతి ఎందుకండీ" అన్నారు. కొమ్మలు అన్నీ కొట్టాక మిగిలేది ఏమిటో వాళ్ళకూ తెలుసు. కాగితం మీద పదిహేడు సంతకాలు ఉన్నాయి. ఆరవ సంతకం, జనవరిలో తన ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకొని వచ్చి, మెట్ల దగ్గర నాతో మొట్టమొదట ఆ వాక్యం అన్న పెద్దమనిషిది. మంచివాడే. మొన్న ఆయన చిన్నకూతురు లిఫ్టులో నన్ను అడిగింది, "అంకుల్, మీరు సంతకం పెట్టారా?" అని. తండ్రి ఫోను చూసుకొంటున్నాడు. లేదమ్మా అన్నాను. "పెట్టరా, ఇంకా పెట్టలేదా?" అంది.

ఆదివారం పదిగంటలకు సమావేశం. కాగితం నా బల్ల మీదే ఉంది.