దూరపు కొండలు, దాపున పెనుకొండ

ఏటా సంక్రాంతి సెలవులు అయిపోగానే మన కాలేజీలో ఒక రగడ మొదలవుతుంది. ఎక్స్‌కర్షన్ ఎక్కడికి? ఒకరు ఊటీ అంటారు, ఇంకొకరు గోవా అంటారు, మైసూరు అన్నవాణ్ని అందరూ కలిసి వెక్కిరిస్తారు. చివరికి గొంతు పెద్దగా ఉన్నవాడి మాట నెగ్గుతుంది. డబ్బు కట్టినవాళ్లు బస్సెక్కుతారు. కట్టలేనివాళ్లు "ఊళ్లో పనుందప్పా" అని చెప్పి హాస్టల్లో ఉండిపోతారు. ఆ పని ఏమిటో నాకు బాగా తెలుసు. మొదటి ఏడాది నేనూ ఆ పని మీదే ఉండిపోయాను.

రెండో ఏడాది వెళ్లాను. మా నాయన ధర్మవరంలో కూలి మగ్గం నేస్తాడు. షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకొని నా చేతిలో పెట్టాడు. నాలుగు రోజుల యాత్రలో సగం కాలం బస్సులోనే గడిచింది. అంత్యాక్షరి పాడాం, వాంతులు చేసుకున్నాం, లెక్కలేనన్ని ఫోటోలు దిగాం. సముద్రాన్ని మొట్టమొదటిసారి చూసినప్పుడు ఒళ్లు పులకరించిన మాట నిజం. దాన్ని నేను కాదనను. దూరప్రయాణాలు వద్దు అనే మూర్ఖుణ్ని కాను నేను.

కాని ఆ సముద్రపు ఒడ్డునే నాకొక చెంపదెబ్బ తగిలింది. టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి మాది ఏ ఊరని అడిగాడు. ధర్మవరం అన్నాను. "అయితే లేపాక్షి దగ్గరే కదా! స్తంభం నేలకు ఆనకుండా వేలాడుతుందట, నిజమేనా?" అన్నాడు. నేను చూడలేదు. పక్కనున్న మిత్రుల మొహాలు చూశాను. నలుగురిలో ఒక్కడు, హిందూపురం వాడు, ఎప్పుడో చిన్నప్పుడు చూశానన్నాడు. అది కూడా పెళ్లికి పోతూ!

ఇంటికొచ్చి నాయనను అడిగాను, "నువ్వు లేపాక్షి చూసినావా?" అని. ఆయన నాడె ఆపకుండానే "ల్యా" అన్నాడు. మిత్రులారా, ఒక్కసారి ఆలోచించండి. మా నాయన ముప్పై ఏళ్లుగా మగ్గం మీద ఉన్నాడు. మా ఊళ్లో "లేపాక్షి అంచు" అంటే తెలియని నేతగాడు లేడు. ఆ అంచుతో ఆయన ఎన్ని చీరలు నేశాడో ఆయనకే లెక్క తెలియదు. ఎవరో గీసిన గ్రాఫు, ఎవరో గుద్దిన జాకార్డు అట్టలు చూసి నేశాడు తప్ప, అసలు రాయిని చూడలేదు. కారణం ఏమిటి? మగ్గం ఒక దినం నిలిస్తే ఒక దినం కూలి పోతుంది. అంతే.

అందుకని ఒక ఆదివారం పట్టుబట్టి బయలుదేరదీశాను. "యాడికి రా, మగ్గం మీద చీర ఉండాది" అని గొణుగుతూనే వచ్చాడు. మా అమ్మ చిత్రాన్నం మూట కట్టి ఇచ్చింది. పొద్దున రైలెక్కాం. పెనుకొండలో ఒక మిత్రుడు ఎక్కాడు, హిందూపురంలో ఇద్దరు కలిశారు. అక్కడినుంచి లేపాక్షి బస్సులో అరగంట ప్రయాణం.

ముందు రోడ్డు పక్కన నంది. ఒకే రాతిలో చెక్కినది, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మేము ఫోటోలకు ఎగబడితే నాయన చుట్టూ తిరిగి దాని మెడలోని గంటల దండ చూశాడు. తర్వాత వీరభద్రస్వామి గుడి. 1529 నుంచి 1542 దాకా విజయనగరాన్ని ఏలిన అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించినది. కూర్మశైలం అనే చిన్న గుట్ట మీద ఉంది. వేలాడే స్తంభం కింద అందరిలాగే మేమూ తువ్వాలు దూర్చి లాగాం. నిజమే!

రంగమండపంలో తల పైకెత్తితే కప్పు నిండా బొమ్మలు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం. ఆ బొమ్మల్లోని ఆడవాళ్ల చీరలు చూడాలి! గళ్లు, చారలు, పూలు, ఒకదాని మాదిరి ఇంకొకటి లేదు. నాయన మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూశాడు. లతామండపంలో స్తంభానికొక రకం లత. ఒక స్తంభం దగ్గర నిలబడిపోయి, వేలితో గాలిలో గీత గీస్తూ, "ఇది మన అంచే గదరా" అన్నాడు. కాసేపాగి, "మాకైతే తప్పు పడితే ఇప్పి మళ్లీ నేస్తాం. రాతి మీద తప్పు పడితే ఎట్ల చేసినారో" అన్నాడు. చరిత్ర పుస్తకంలో పది పేజీలు చదివినా నాకు ఈ ప్రశ్న తోచి ఉండేది కాదు.

సగంలో ఆగిపోయిన కల్యాణమండపం దగ్గర మిత్రుడు కథ చెప్పాడు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని రాజుకు కోపం వచ్చిందట, విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడట, ఆ మరకలే ఇవట. నాయన అంతా విని, "సరేప్పా, మరి రాళ్లు కొట్టినోళ్లకు కూలి ఇచ్చినారా లేదా?" అన్నాడు. మేము పకపకా నవ్వాం. ఆయన నవ్వలేదు.

తిరుగుదారిలో పెనుకొండలో దిగాం. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిన తర్వాత విజయనగరానికి రాజధాని అయిన ఊరు ఇది. వారం వారం రైల్లో పోతూ నేను కిటికీలోంచి చూసే కొండ! గగనమహల్ చూశాం. పక్కపక్కనే ఉన్న రాముడి గుడి, శివుడి గుడి చూశాం. హిందువులూ ముస్లిములూ కలిసి పోయే బాబయ్య దర్గాకు పోయాం. మిత్రుడి ఇంట్లో వాళ్ల జేజి ఉడకబెట్టిన చెనిక్కాయలు, బెల్లం పెట్టింది. కోట చూడాలని మేము ఉబలాటపడ్డాం గాని, గుంత మగ్గంలో ముప్పై ఏళ్లు కూర్చున్న మోకాళ్లు ఆ కొండ ఎక్కలేవు. నాయనను కింద వదిలి పోబుద్ధి కాక మేమూ ఎక్కలేదు.

మొత్తం ఖర్చు ఎంతనుకున్నారు? ఐదుగురికీ కలిపి, నేను ఎక్స్‌కర్షన్‌కు కట్టిన దానిలో పదోవంతు కూడా కాలేదు. ఇక్కడే నేను చెప్పదలచుకున్న మాట ఉంది. దూరం పెరిగేకొద్దీ బస్సులో మనలో కొందరికి చోటుండదు. దగ్గరి యాత్రలో అందరికీ చోటుంటుంది. మన ఇంట్లోవాళ్లకు కూడా.

"దగ్గరిదే కదా, ఎప్పుడైనా చూడొచ్చు" అంటారు కొందరు. ఆ "ఎప్పుడైనా" అనేదే మా నాయనకు ముప్పై ఏళ్లు పట్టింది. 2019లో పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. అదే ఏడాది లేపాక్షి యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. లోకమంతా మన గడపకు వస్తుంటే, ఇంటివాళ్లం మనమే గడప దాటి చూడకపోతే ఎట్లా?

అందువల్ల యూనియన్ పెద్దలకు నా విన్నపాలు మూడు. ఒకటి, దూరపు ఎక్స్‌కర్షన్‌తో పాటు ఏటా ఒక దగ్గరి యాత్ర కూడా పెట్టండి, చార్జీలు తప్ప మరే ఫీజూ లేకుండా. రెండు, ప్రతి విద్యార్థీ ఇంటినుంచి ఒక పెద్దను తోడు తెచ్చుకోవాలి. నేతగాడు కావచ్చు, సేద్యగాడు కావచ్చు, మనకు కనబడనిది వాళ్లకు కనబడుతుంది. మూడు, గోడల మీద పేర్లు గీకే మహానుభావులను ముందే ఏరి ఇంటి దగ్గర దించండి. ఆ రాళ్లు చెక్కినవాళ్లే తమ పేరు రాసుకోలేదు!

ఆ రాత్రి ధర్మవరం రైల్లో నాయన చాలాసేపు మాట్లాడలేదు. పోయిన కూలిని గురించి ఆలోచిస్తున్నాడేమోనని నాకు మనసులో పీకుతూనే ఉంది. ఊరు దగ్గరపడ్డాక, "మీ అమ్మను గూడ పిల్చుకోని రావాల్సిండె" అన్నాడు. ఆయన నేసిన ప్రతి చీరకూ పట్టు కండెలు చుట్టింది ఆమే. నాకు ఆ మాటే తోచలేదు.

కాబట్టి వచ్చే ఏడు కమిటీవాళ్లు దగ్గరి యాత్ర పెడితే, ఇప్పుడే ఒక సీటు మా అమ్మ పేరున రాసిపెట్టండి. చార్జీ నేను కడతాను.